గడువు గడిలో డిసెంబర్ 31

(నల్లగొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం విద్యార్థులకు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన యువ వ్యాపారులకు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ ప్రొడక్ట్ మేనేజర్ అన్నారు. వెనక వరుసల్లో కూర్చున్న షాపుల వాళ్లకు, రైతు కుటుంబాల వాళ్లకు ఆ ఉద్యోగం ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. కోడ్ రాసేది ఇంజనీర్లు, అమ్మేది సేల్స్ వాళ్లు. ఏది తయారు చేయాలి, ఏది ఇప్పుడు వద్దు, తయారు చేసింది ఎవరికైనా పనికొస్తోందా లేదా అని తేల్చే పని మాది.

ఆ పని మొత్తం గురించి చెప్పడానికి గంట సరిపోదు. అందులో నాకు చాలా ఇష్టమైన ఒక్క ముక్క తీసుకుంటాను. మనం ప్లాన్‌లో రాసుకోని అవకాశం ఎదురైతే దాన్ని ఎలా గుర్తుపట్టాలి? గుర్తుపట్టాక, అది నిజమైనదో కాదో డబ్బు, కాలం పెద్దగా ఖర్చు కాకముందే ఎలా తేల్చుకోవాలి?

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. జనం మన వస్తువును మనం చెప్పినట్టు కాకుండా తమకు తోచినట్టు వాడుతున్నారు, పైగా ఎవరూ అడగకుండానే అందుకోసం శ్రమ పడుతున్నారు అనుకోండి. అక్కడ ఆగి చూడాలి. వాళ్లు పడే ఆ శ్రమే మీకు దొరికే మొదటి సాక్ష్యం.

మీ అందరి జేబుల్లో ఉన్న వాట్సాప్ చూడండి. 2009లో జాన్ కూమ్ దాన్ని మొదలుపెట్టినప్పుడు అది మెసేజీల యాప్ కాదు. మన పేరు పక్కన 'పనిలో ఉన్నా', 'బ్యాటరీ అయిపోతోంది' అని స్టేటస్ పెట్టుకోవడానికి తయారుచేసింది. ఆ ఏడాది జూన్‌లో ఆపిల్ పుష్ నోటిఫికేషన్లు తెచ్చింది. ఎవరైనా స్టేటస్ మారిస్తే వాళ్ల స్నేహితుల ఫోన్లు మోగడం మొదలైంది. దాంతో స్నేహితులు స్టేటస్‌లతోనే కబుర్లు చెప్పుకున్నారు. ఒకరు 'లేటుగా లేచా' అని పెడితే, ఇంకొకరు తన స్టేటస్ మార్చి దానికి జవాబిచ్చేవారు. స్టేటస్ గడిలో మాట్లాడుకోవడం ఎంత ఇబ్బందో ఊహించండి. అయినా మాట్లాడుకున్నారు. కూమ్ దాన్ని చూసి, యాప్‌ను మెసేజీల కోసం మళ్లీ తయారుచేశాడు.

పాలమూరు వాళ్లకు ఇంకా దగ్గరగా తగిలే ఉదాహరణ కెన్యాది. 2005లో అక్కడ ఎం-పెసా అనే సేవను ప్రయోగంగా పెట్టారు. చిన్న అప్పులు తీసుకున్నవాళ్లు ఫోన్ ద్వారా వాయిదాలు కట్టుకోవాలన్నది ఉద్దేశం. జనం వాయిదాలు కట్టారు, కానీ అంతటితో ఆగలేదు. ఆ డబ్బును ఒకరికొకరు పంపుకున్నారు. పట్నంలో పనిచేసేవాళ్లు ఊళ్లో ఉన్న ఇంటికి పంపారు. దగ్గర నగదు పెట్టుకుని ప్రయాణం చేయడం భయమైనవాళ్లు ఒక చోట వేసి ఇంకో చోట తీసుకున్నారు. 2007లో దేశమంతటా సేవ మొదలుపెట్టేటప్పుడు కంపెనీ అప్పుల వాయిదాలను పక్కన పెట్టి, 'ఇంటికి డబ్బు పంపండి' అన్న ఒక్క మాటతో జనంలోకి వెళ్లింది. మహబూబ్‌నగర్ నుంచి ముంబైకో పుణెకో పనికి పోయిన వాళ్ల ఇళ్లల్లో పెరిగిన పిల్లలు ఇక్కడ ఉంటే, ఆ ఒక్క మాట ఎందుకంత బలంగా తగిలిందో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఈ రెండు కథలూ వినడానికి బాగుంటాయి. కానీ గెలిచిన తర్వాత చెప్పుకునే కథల్లో అన్నీ తేటగా కనిపిస్తాయి. పనిలో ఉన్నప్పుడు అలా కనిపించదు. ఎలా కనిపిస్తుందో నేను దగ్గరగా చూసిన ఒక పని గురించి కాస్త వివరంగా చెబుతాను.

నేను పనిచేసిన ఒక కంపెనీ దుకాణాలకు ఖాతా యాప్ ఇచ్చేది. ఉద్దెర పుస్తకం బదులు ఫోన్‌లో రాసుకోవడం అన్నమాట. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎప్పటికి ఇస్తామన్నారు అని రాసుకుంటే, గడువు రోజున బాకీ ఉన్నవాళ్లకు మెసేజ్ పోతుంది. కిరాణా షాపుల్లో బాగానే నడిచింది. ఒకసారి డేటా చూస్తుంటే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కొన్ని షాపుల్లో అన్ని బాకీలకూ గడువు ఒకటే కనిపించింది. డిసెంబర్ 31.

డేటాతో పనిచేసే వాళ్లకు ఇలాంటిది చూస్తే మొదట తట్టేది 'చెత్త డేటా, తీసేద్దాం' అనే. లేదా 'షాపు వాళ్లకు యాప్ వాడటం రాలేదు, ట్రైనింగ్ ఇద్దాం'. రెండూ తెలివైన మాటల్లాగే ఉంటాయి. కానీ ఇంకో విషయం కూడా కనిపించింది. ఆ షాపుల వాళ్లు యాప్‌ను వదిలిపెట్టలేదు. రోజూ తెరుస్తున్నారు, మిగతా షాపుల కంటే ఎక్కువ పద్దులు రాస్తున్నారు. గడువు గడిలో పనికిరాని తారీఖు వేసి, కిందున్న రిమార్క్స్ గడిలో మాత్రం ఓపికగా తెలుగులో రాస్తున్నారు. 'మూడెకరాలు, సన్నాలు', 'కాంటా అయినంక', 'అల్లుడు జామీను'. ఆ గడిలో అంత రాస్తారని మాలో ఎవరూ అనుకోలేదు. వాడటం రానివాళ్లు అంత ఓపికగా రాయరు కదా.

అవన్నీ ఫర్టిలైజర్ షాపులు. వెళ్లి కూర్చుంటే విషయం మొదటి టీ అయ్యేలోపే తెలిసిపోయింది. ఒక షాపాయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "వడ్లు అమ్మినంక ఇస్తరు సార్. వడ్లెప్పుడు అమ్ముడుపోతయో నాకెట్ల తెలుస్తది? మీ యాప్ల తారీఖు కొట్టంది ముందుకు పోతలేదు. అందుకే గా తారీఖే కొట్టి పెడుతున్న."

ఇక్కడున్న రైతు బిడ్డలకు ఇది కొత్త విషయం కాదు. సాగర్ ఎడమ కాల్వ కింద వానాకాలం వడ్లు కోసి కొనుగోలు కేంద్రానికి తెస్తారు. తేమ 17 శాతం దాటితే తీసుకోరు, ఆరబెట్టాలి. ఆరబెట్టినప్పుడు వాన పడితే మళ్లీ మొదటికి. తర్వాత కాంటా, అంటే తూకం, కావాలి, సంచులు దొరకాలి, లారీ రావాలి, మిల్లులో దిగాలి. ఇవన్నీ అయ్యాక రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. ఇందులో ఏ ఒక్కటీ క్యాలెండర్ ప్రకారం జరగదు. యాసంగి వడ్లయితే ఏప్రిల్, మేలో కోతకొస్తాయి. ఆ ఉద్దెరలకు కూడా డిసెంబర్ 31 అనే రాశారంటే ఆ తారీఖుకు అర్థమేమీ లేదని తేలిపోయింది. ఆ షాపుకు గడువు అంటే ఒక రోజు కాదు, ఒక సంఘటన. మా యాప్‌లో సంఘటనకు గడి లేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే ఇక్కడే చాలామంది ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తెరుస్తారు. అవకాశం కనిపించింది, ఫీచర్ కట్టేద్దాం అంటారు. నేను మీకు గట్టిగా చెప్పేది, అప్పుడు కట్టకండి. కారణం తెలిసింది, అంతే. ఆ కారణం తీరిస్తే ఎవరైనా డబ్బు ఇస్తారా, ఎంతమంది ఇస్తారు, ఏ రకం షాపులు ఇస్తాయి అనేది ఇంకా తెలియదు.

తెలుసుకోవడానికి అడగడం సరిపోదు. మన దగ్గర అస్సలు సరిపోదు. మీరు హైదరాబాద్ నుంచి కారు దిగి షాపులో కూర్చుంటే కుర్చీ తుడిచి వేస్తారు, టీ చెప్తారు. 'ఇలాంటిది ఉంటే మీకు ఉపయోగమా అన్నా?' అంటే 'ఎందుకు కాదు, మస్తు ఉపయోగం' అంటారు. అది అబద్ధం కాదు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకూడదన్న మర్యాద అది. ఆ మర్యాదను మార్కెట్ అనుకుని లెక్క కడితే ఆరు నెలల పని నీళ్లపాలవుతుంది. మొహమాటం ఎక్కువున్న చోట 'బాగుంది' అన్న మాటకు మార్కులు వేయకండి.

అడిగితే జరిగిపోయిన దాని గురించి అడగండి. 'పోయిన సీజన్‌లో బాకీలు ఎట్ల వసూలు చేసిండ్రు? ఏ ఊరికి ముందు పోయిండ్రు? ఆ ఊరికే ముందు ఎందుకు?' ఇలా అడిగితే మర్యాదకు చోటుండదు, జ్ఞాపకం మాత్రమే వస్తుంది. ఒక షాపాయన తన గుమస్తాను బండి మీద ఊరూరా పంపి ఎక్కడ కాంటాలు అయ్యాయో కనుక్కునేవాడని తెలిసింది. ఇంకొకాయన హమాలీలతో స్నేహం పెట్టుకున్నాడు, లారీ కదలగానే వాళ్లు ఫోన్ చేస్తారు. చూశారా, సమాచారం కోసం వాళ్లు అప్పటికే పెట్రోలు, జీతం, పరపతి ఖర్చు పెడుతున్నారు. నాకు అక్కడ నమ్మకం పెరిగింది.

తర్వాత ఏం చేశామంటే, ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. కొన్ని షాపులను ఎంచుకున్నాం. మా టీంలో ఒక అబ్బాయి ఉదయాన్నే కొనుగోలు కేంద్రాల దగ్గర తెలిసిన వాళ్లకు ఫోన్ చేసి, ఏ ఊళ్లో తూకాలు మొదలయ్యాయి, ఎక్కడ లారీలు వెళ్లిపోయాయి అని రాసుకునేవాడు. ఆ జాబితాను ప్రతి సోమవారం షాపుల వాళ్లకు వాట్సాప్‌లో పంపేవాడు. షాపుల వాళ్లకు అది మనిషి చేస్తున్నాడో కంప్యూటర్ చేస్తోందో తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. చేత్తో చేసి చూడటంలో ఇంకో మేలు ఉంది. పని ఎక్కడ కష్టమో ముందే తెలుస్తుంది. మేము అనుకున్న కష్టం మెసేజ్ పంపడం. అసలు కష్టం సమాచారం తెచ్చుకోవడం.

మొదలుపెట్టకముందే మేము ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాం. ఎన్ని షాపులు డబ్బు కడితే ముందుకు వెళ్లాలి, ఎన్నింటి కంటే తక్కువైతే ఆపేయాలి అని. ఈ సంఖ్య ముందే రాయడం చాలా ముఖ్యం. ఫలితం వచ్చాక రాస్తే, వచ్చిన సంఖ్యే మనం కోరుకున్న సంఖ్యలా కనిపిస్తుంది. మనకు నచ్చిన ఆలోచన విషయంలో మన కళ్లను మనమే నమ్మలేం. అందుకని చేతిరాతతో, తారీఖు వేసి, టీం అంతా సంతకం పెట్టి గోడకు అంటించండి.

ఇక నాకు చాలా ఇష్టమైన పరీక్ష. కొన్ని సోమవారాలు పంపాక, ఒక సోమవారం చెప్పకుండా ఆపేశాం. ఎవరు ఫోన్ చేస్తారా అని చూశాం. మీ సేవ ఆగితే ఎవరూ అడగకపోతే అది వాళ్ల పనిలో భాగం కాలేదని అర్థం. మర్యాదతో 'బాగుంది' అన్నవాళ్లు మర్యాదతోనే మౌనంగా ఉంటారు. నిజంగా వాడుతున్నవాళ్లు మధ్యాహ్నంలోపే ఫోన్ చేస్తారు, కొందరు కోపంగా చేస్తారు. ఆ కోపం మీకు దొరికిన గొప్ప సమాచారం. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. ఆరోగ్యం, ప్రాణం, జీతం లాంటి వాటి మీద ఆధారపడిన సేవల్లో ఈ పరీక్ష చేయకండి. ఆపితే ఒకరికి నష్టం జరిగే చోట మనకు నేర్చుకునే హక్కు లేదు.

ఫోన్ చేసినవాళ్లను డబ్బు అడిగాం. అక్కడే అసలు బొమ్మ తేలింది. ఫర్టిలైజర్ షాపులు కట్టాయి. అదే బజారులో ఉన్న కిరాణా షాపులు కట్టలేదు, ఎందుకంటే వాళ్ల ఉద్దెర నెల జీతంతోనో కూలీ డబ్బుతోనో తీరిపోతుంది. బత్తాయి తోటలున్న వైపు షాపులు కూడా పెద్దగా ఆసక్తి చూపలేదు. అక్కడ చాలాచోట్ల వ్యాపారి వచ్చి తోటను గుత్తకు మాట్లాడుకుని బయానా ఇచ్చిపోతాడు, కాబట్టి డబ్బు ఎప్పుడొస్తుందో షాపాయనకు ఊళ్లోనే తెలిసిపోతుంది. ఒకే జిల్లా, ఒకే రకం ఎరువులు. పంట మారేసరికి అవకాశం మాయమైంది. 'రైతులందరికీ' అని స్లైడ్ మీద రాసేవాళ్లు ఈ తేడా చూడలేరు. వరి కింద ఉన్న ఎరువుల షాపులు, అంతే మా మార్కెట్. చిన్నది, కానీ నిజమైనది.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని విషయం ఒకటుంది, అది దాటేసి పోను. బాకీ వసూలు చేసే వాళ్లకు సమాచారం ఇస్తున్నామంటే, బాకీ ఉన్న మనిషి మీద ఒత్తిడి పెంచుతున్నామేమో అని ఆలోచించాలి. డబ్బు ఖాతాలో పడిన గంటకే ఇంటి ముందు బండి ఆగితే ఆ రైతుకు ఎలా ఉంటుంది? పిల్ల ఫీజు ముందా, షాపు బాకీ ముందా అని తేల్చుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకే ఏ రైతుకు డబ్బు పడిందన్న వివరం జోలికే పోకూడదని నిర్ణయించుకున్నాం. ఊరి కేంద్రంలో కాంటాలు నడుస్తున్నాయా లేదా, అంతవరకే. పైగా రైతుకు కూడా తెలుగులో ఒక చీటీ పోయేలా పెట్టాం. ఏ తారీఖున ఏ మందు, ఎన్ని సంచులు, ఎంత ధర, వడ్డీ ఎంత అని. కొన్ని షాపులకు ఇది నచ్చలేదు. నచ్చని షాపులను వదులుకున్నాం.

ఆ చీటీ దగ్గర మళ్లీ మేము అనుకోనిది ఎదురైంది. రైతులు షాపుకు వచ్చి 'నా చీటీ మళ్లా పంపు' అని అడగడం మొదలుపెట్టారు. బాకీ చూసుకోవడానికి కాదు. పోయినసారి తెగులుకు ఏ మందు కొట్టారో దాంట్లో ఉంది. ఖాళీ డబ్బా దాచిపెట్టి షాపుకు తెచ్చి చూపించే అలవాటు మీ ఇళ్లల్లో చూసే ఉంటారు. డబ్బా పారేసినవాళ్లకు ఆ చీటీ డబ్బా అయింది. ఒక అవకాశాన్ని సరిగ్గా చూస్తే దాని వెనక ఇంకోటి నిలబడి ఉంటుందనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఇప్పటివరకు చెప్పినవన్నీ ఏదో ఒక గుర్తు వదిలిన అవకాశాలు. స్టేటస్ గడిలో మాటలు, రిమార్క్స్ గడిలో వాక్యాలు. అసలు గుర్తే వదలనివి ఉంటాయి. జనం నొప్పికి అలవాటుపడి ఫిర్యాదు చేయడం కూడా మానేసిన చోట అవి ఉంటాయి. దానికి మన జిల్లాలోనే పుట్టిన ఉదాహరణ ఉంది.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా, అప్పుడు నల్లగొండే. పోచంపల్లి చీరకు మగ్గం ఎక్కకముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూఇటూ తిరగాలి. ఆ పని ఇళ్లల్లో ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారు భుజం నొప్పితో బాధపడటం చూసి ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. అమ్మ పేరు మీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. ఇతర నేత కుటుంబాలు కూడా దాన్ని కొనుక్కున్నాయి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ నొప్పి ఒక్క ఇంట్లోదా? ఆసు పోసే ప్రతి ఇంట్లోదీ. సర్వే చేసి 'మీ వృత్తిలో సమస్యలేమిటి' అని అడిగితే నూలు ధర, చీరలకు గిట్టుబాటు, దళారుల సంగతి చెప్పేవారు. భుజం నొప్పి చెప్పేవారు కాదని నా అనుమానం. అది సమస్య అనే వాళ్లకు అనిపించి ఉండదు, బతుకులో భాగం అనుకుని ఉంటారు. ఇలాంటివి పట్టుకోవాలంటే మాటలు వింటే చాలదు, చేతులు చూడాలి. ఏ పని అయ్యాక మనిషి నడుం పట్టుకుంటున్నాడు, ఏ పనికి పిల్లలను పిలుస్తున్నారు, ఏ పని పేరు చెప్తే కోడళ్లు తప్పుకుంటున్నారు, అవి గమనించండి.

సరే, ఇంకొక స్థానిక విషయం. కొంచెం బరువైనది. ఫ్లోరైడ్. మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఎముకలను ఏం చేశాయో మీకు తెలుసు. 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టారు. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తుంది, ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. శాస్త్రంగా అది గట్టి పని, దాని మీద నాకు చాలా గౌరవం. కానీ ఇంట్లో అది నడవాలంటే ఒకరు రోజూ కొలిచి పటిక వేయాలి, కలపాలి, తేరుకునే దాకా ఆగాలి, వడగట్టాలి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడో పారబోయాలి. ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లను బట్టి మారుతుంది. ఈ పని ఎవరు చేస్తారు? పొద్దున నాట్లకు పోయే ఇల్లాలు. పరీక్షశాలలో 'పనిచేస్తుందా' అన్న ప్రశ్నకు అవునని జవాబు వచ్చినా, 'ఆమె రోజూ చేస్తుందా' అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

తర్వాత ఏమైంది? ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. నీళ్లు ఊరికే దొరకాలి, పల్లెలో నీళ్లు ఎవరు కొంటారు అని అందరూ అనుకునే రోజుల్లో, కూలీ చేసుకునే ఇళ్లు కూడా 20 లీటర్ల డబ్బాకు డబ్బు కట్టాయి. అయిదో పదో, కానీ కట్టాయి. ఇది సంతోషపడాల్సిన విషయమని నేను అనడం లేదు. తాగునీరు ప్రభుత్వం ఇంటికి ఇవ్వాల్సినదే, కృష్ణా నీళ్లు ఊళ్లకు తెచ్చిన పథకాలు ఆ బాధ్యతలోంచి వచ్చినవే. అయితే మన చర్చకు సంబంధించి ఇందులో ఒకటుంది. 'పేదవాళ్లు దీనికి డబ్బు పెట్టరు' అని గదిలో కూర్చుని తీర్మానించడం ఎంత తప్పో ఆ డబ్బాలు చూపించాయి.

పరీక్షించే తీరు తప్పైతే మంచి వస్తువు కూడా చచ్చిపోతుంది. దానికి అమెరికాలోని త్రీఎం కంపెనీ కథ త్వరగా చెప్తాను. 1968లో అక్కడి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తే అంటీ అంటనట్టుండే జిగురు వచ్చింది. ఏళ్ల తరబడి దానికి ఉపయోగం దొరకలేదు. 1974లో ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగికి చర్చిలో పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోతుంటే ఈ జిగురు గుర్తొచ్చింది. ఆ జిగురు రాసిన చిన్న పసుపు కాగితాలను 1977లో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే పెద్దగా పోలేదు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. కానీ పసుపు కాగితం ముక్కను షాపులో చూస్తే ఎవరికి ఏం అర్థమవుతుంది? చేతికిచ్చి ఆఫీసులో వాడనివ్వాలి. 1978లో బాయిసీ అనే ఊళ్లో ఉచితంగా పంచారు. వాడినవాళ్లలో 90 శాతానికి పైగా మళ్లీ కొంటామన్నారు. 1980లో పోస్ట్-ఇట్ అనే పేరుతో ఆ కాగితాలు దేశమంతటా వచ్చాయి. మీరు పరీక్ష పెట్టేటప్పుడు ఒకసారి ఆలోచించండి, జనం వద్దన్నది వస్తువునా, మీరు చూపించిన తీరునా?

మీ ప్రశ్నలకు టైం ఉంచాలి. అడగండి.

ప్రశ్న: సార్, కంపెనీలో చేరిన కొత్తలో నా మాట ఎవరు వింటారు? ఏది ఎప్పుడు తయారు చేయాలో చెప్పే రోడ్‌మ్యాప్ ముందే రాసేసి ఉంటుంది కదా.

నివేదిక రాయకండి, ఎవరూ చదవరు. డిసెంబర్ 31 నిండిన ఒక్క స్క్రీన్ చూపించండి, షాపాయన మాట రికార్డింగ్ ఒక్క నిమిషం వినిపించండి, ఆయన అనుమతి తీసుకుని. తర్వాత ఫీచర్ అడగకండి, చిన్న పరీక్ష అడగండి. 'నాకు నెల ఇవ్వండి, ఒక మనిషి చాలు, ఇంత కంటే తక్కువ వస్తే నేనే ఆపేస్తాను' అంటే ఏ మేనేజర్‌కైనా కాదనడం కష్టం. ఆపేసే సంఖ్య మీ నోటి నుంచే ముందు వస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ప్రశ్న: కస్టమర్ ఫీడ్‌బ్యాక్ అంతా ఇప్పుడు ఏఐకి ఇస్తే సారాంశం రాసిస్తుంది కదా. అది చాలదా?

సారాంశం అంటే ఎక్కువమంది అన్నది పైకి వస్తుంది. మనం వెతికేది తక్కువమంది చేసేది. వెయ్యి మందిలో పది మంది వింతగా వాడితే సారాంశంలో వాళ్లు కనిపించకుండా పోతారు. ఏఐని వాడండి, నేనూ వాడతాను. కాకపోతే 'ముఖ్యమైనవి చెప్పు' అనకండి. 'మిగతా వాటితో కలవనివి, ఏ గుంపులోనూ ఇమడనివి విడిగా చూపించు' అని అడగండి. అవి మాత్రం మీరే, అసలు మాటల్లో, ఒక్కొక్కటి చదవండి. వెతికినా ఏమీ దొరకని సెర్చ్ పదాల జాబితా ఉంటుంది కదా, అది కూడా వారానికోసారి చదవండి. జనం మీ దగ్గర ఏముందనుకుని వచ్చారో అందులో ఉంటుంది.

ప్రశ్న: మాది జడ్చర్ల సార్. ఒక పెద్ద కస్టమర్ అదేపనిగా ఒకటి అడిగితే అది అవకాశమా, ఒక్కడి గోలా?

ఆయన అడగకముందు ఆ పని ఎలా చేసుకున్నాడో చూడండి. సొంతంగా ఎక్సెల్ షీట్ చేసుకున్నాడా, మనిషిని పెట్టుకున్నాడా, ఏమీ చేయలేదా? ఏమీ చేయకపోతే అది కోరిక మాత్రమే. ఏదో చేసుకుంటే, ఆయనలాంటి ఇంకో నలుగురి దగ్గరికి వెళ్లి, ఈయన పేరు ఎత్తకుండా, వాళ్లేం చేసుకుంటున్నారో చూడండి. నలుగురూ నాలుగు రకాల తిప్పలు పడుతుంటే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమే.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోనే ఉద్యోగం దొరకాలా?

అక్కర్లేదు. మీ ఊళ్లో మీసేవ సెంటర్ ఉంది కదా. నడిపే ఆయన్ని అడిగి ఒక మూలన కూర్చోండి. సర్టిఫికెట్ల కోసం వచ్చేవాళ్లను వదిలేయండి. బోర్డు మీద లేని పని కోసం వచ్చేవాళ్లను చూడండి. ఫోన్‌కు వచ్చిన బ్యాంకు మెసేజ్ చదివించుకునేవాళ్లు, మర్చిపోయిన పాస్‌వర్డ్ కోసం వచ్చేవాళ్లు, కొడుక్కి ఫొటో పంపమనేవాళ్లు. ఎవరు ఏమడిగారు, ఎంతసేపు ఆగారు, డబ్బు ఇచ్చారా, మళ్లీ వచ్చారా అని రాసుకోండి. పేర్లు, నంబర్లు రాయకండి. బస్టాండ్‌లో డ్రైవర్ చేతికి పచ్చడి డబ్బాలు, మందుల కవర్లు ఇచ్చి పంపేవాళ్లను ఎన్నాళ్లు చూశాం? 2020లో ఆర్టీసీ తన కార్గో సేవ మొదలుపెట్టేదాకా అది మనకు మామూలు దృశ్యం. ఇప్పుడు మామూలుగా కనిపిస్తున్నవి ఇంకా ఏమున్నాయో రాసుకురండి. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఇప్పటికే ఏదైనా గమనించి ఉంటే భోజనాల తర్వాత ల్యాబ్‌లో కూర్చుందాం, ఒక్కొక్కరిది విడిగా చూద్దాం.